పోలవరములో మూడు దినములు

పాపికొండల నడుమ నిఱుకుగాను లోతుగాను ప్రవహించి వచ్చిన గోదావరి, కొండలు వెనుకబడి నేల చదునగు తావున నొక్కసారిగా వెడల్పగును. ఆ వెడల్పునకు మొదట, కుడియొడ్డున నున్న యూరు పోలవరము. ఇచ్చటినుండి దిగువకు పోయినకొలది లంకలు, తోటలు, కాలువలు, వరిచేలు. ఎగువకు పోయినకొలది కొండలు, వెదురుపొదలు, కొండరెడ్ల పల్లెలు. రెండు సీమలకు నడుమ గడపవలె నున్న దీయూరు. పూర్వము పోలవరపు జమీందారులు సాహిత్యాభిమానులై 'సరస్వతి' యను పత్రికను నడిపించిరని పెద్దలెఱుగుదురు. నేటివారికి మాత్రము పోలవరమనగా ప్రాజెక్టే. పశ్చిమగోదావరి జిల్లాలో చిరకాలముండిన యీయూరు 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరినది.

మేమును మా అమ్మాయియు పోలవరము పోయినది ప్రాజెక్టును చూచుటకొఱకే కాదు. మా పెద్దత్తగారు అచ్చట నివసించుచున్నారు. వారికి మూత్రపిండములు పని మానినందున, వారమునకు రెండుమాఱులు, మంగళవారమును శుక్రవారమును, రాజమహేంద్రవరములో డయాలిసిస్ చేయించుకొనవలెను. అనగా దేహములోని రక్తమును యంత్రము ద్వారా శుద్ధిచేయించుకొనుట. మా మఱిది కువైటులో నుద్యోగము చేయుచున్నాడు. ఇంటనున్నది అత్తగారును, మా తోడికోడలును మాత్రమే. కారు నడపునది మా తోడికోడలు. ఆ కారే యిప్పుడా యింటికి ప్రాణాధారము.

మంగళవారమునాడు మేము రాజమహేంద్రవరము స్టేషనులో దిగి, ఆసుపత్రి వద్ద వారిని గలిసికొని, ఆ కారులోనే బయలుదేరితిమి. 1974లో కట్టిన రోడ్డు రైలు వంతెనమీదుగా గోదావరిని దాటి కొవ్వూరు చేరితిమి. వంతెనమీద మన కారు పైన పోవుచుండ, అడుగున రైలు పోవును. మా అమ్మాయి కిది మొదటి ప్రయాణమగుటచే కిటికీ విడువలేదు. కొవ్వూరు దాటి తాళ్లపూడి దారిని పట్టినచో, గోదావరి గట్టు కుడివైపున వెంబడించుచుండును. దారిపొడుగునను అరటితోటలు, కొబ్బరితోటలు, పొగాకు కాల్చు బారన్లు. ఏటి నడుమ చిన్న కొండమీద పట్టిసపు వీరభద్రస్వామి యాలయము కనబడగనే పెద్దత్తగారు కన్నులు మూసికొని చేతులు జోడించిరి. శివరాత్రికి జనము పడవలలో ఆ కొండకు దాటుదురు. ఆ ప్రక్కనే 2015లో ప్రారంభించిన యెత్తిపోతల పథకపు పంపులును, లావైన గొట్టములును గలవు. గోదావరి నీరు వానిద్వారా కాలువ నెక్కి కృష్ణకు పోవుచున్నది. గూటాల దాటి దీపములు పెట్టు వేళకు పోలవరము చేరితిమి.

దారిలో మా తోడికోడలు తన కష్టమును చెప్పినది. "అక్కా, ఈ యేడాదిలో బ్యాటరీ రెండుసార్లు మార్పించాను. మంగళవారం వచ్చి కారు పెట్టేస్తే, శుక్రవారం తెల్లవారుజామున తాళం తిప్పితే టకటకమని చప్పుడేగాని ఇంజను లేవదు. కొట్టువాడేమో ఎండలకు బ్యాటరీ చచ్చిపోయిందంటాడు, మళ్లీ కొత్తది అంటాడు."

ఒక శుక్రవారము ఎవరి బండియు దొరకక, పెద్దత్తగారిని ఆటోలో కూర్చుండబెట్టి ముప్పదియైదు కిలోమీటర్లు తీసికొనిపోయిరట. మఱియొక శుక్రవారము ఆ మాత్రమును దొరకక శనివారము మధ్యాహ్నము వఱకు నాగవలసివచ్చినదట. డయాలిసిస్ ఒక దినము తప్పినచో దేహమున నీరు నిలిచి కాళ్లు వాచును, ఊపిరి యాడదు. రక్తములో పొటాసియము హెచ్చినచో గుండెకే యపాయము. కావున నిది యొక యంత్రపు చిక్కు మాత్రమే యని మేమనుకొనలేదు. రానున్న శుక్రవారము లోపల కారణము తెలియవలెను.

ఇచ్చట బ్యాటరీని గుఱించి కొంచెము చెప్పవలసియున్నది. చదువరులలో కారున్నవారు పలువురుందురు. లేనివారింటనైన దీపములు పోయినపుడు పనిచేయు ఇన్వర్టరుండును. రెంటను నున్నది తఱచుగా నొక్క జాతి బ్యాటరీయే. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను పలుచని గంధకామ్లములో ముంచి, విద్యుత్తును నిలువచేసి మరల వాడుకొనవచ్చునని చూపెను. 1881లో కమిల్ ఫోర్ అనునాతడు రేకులకు సీసపు ముద్దను పట్టించి దాని శక్తిని పెంచెను. నేటి కారు బ్యాటరీ కూడ మూలమున నదియే. దానియం దాఱు గదు లుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల నిచ్చును. ఆఱును గలిసి నిండుగా నున్నపుడు 12.6 వోల్టులు మొదలు 12.7 వఱకు చూపును. 12.4కు దిగినచో ముప్పాతిక భాగము, 12.2కు దిగినచో సగము, 12కు దిగినచో పాతిక మాత్రమే యున్నట్లు. పండ్రెండు వోల్టుల బ్యాటరీ యనుపేరు విని పండ్రెండున్న చాలుననుకొనువారు గలరు. అది దాదాపు వట్టి బ్యాటరీ యని గ్రహింపవలెను.

ఈ బ్యాటరీకి స్త్రీలతో నొక ప్రత్యేకమైన చుట్టఱికము గలదు. మొదటి కార్లను బయలుదేరదీయుటకు ముందువైపు ఇనుపకడ్డీ దూర్చి బలముగా త్రిప్పవలసియుండెడిది. ఇంజను ఎదురు తన్నినచో చేతి యెముకలు విఱిగెడివి. 1912లో చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన విద్యుత్ సెల్ఫు అమెరికాలో కాడిలాక్ కారులకు అమర్చబడినది. అటుపైని ఒక మీట నొక్కినచో చాలును; కారు నడుపుటకు కండబల మక్కఱలేకపోయెను. మన తెలుగునాట 1985లో గల్లా రామచంద్రనాయుడు గారు తిరుపతి సమీపమున స్థాపించిన అమరరాజా సంస్థ దేశమున పేరుపొందిన బ్యాటరీల కర్మాగారములలో నొకటి.

బ్యాటరీ మాటిమాటికి వట్టిపోవుచున్నదనగా, పెరటి తొట్టి మాటిమాటికి వట్టిపోవుచున్నదనుటయే. తొట్టి వట్టిపోవుటకు కారణములు మూడు. కుళాయి నుండి నీరు సరిగా పడకపోవచ్చును. తొట్టిలో మట్టి పేరుకొని నీరు పట్టకపోవచ్చును. లేదా యెచ్చటనో చిల్లి యుండవచ్చును. క్రొత్త తొట్టి కొన్నంత మాత్రమున కుళాయి బాగుపడదు, గొట్టములోని చిల్లియు పూడదు. కొట్టువారు రెండుమాఱులును తొట్టినే మార్చిరి; మిగిలిన రెంటిని చూడలేదు. మా తోడికోడలు బి.యస్‌సి.లో భౌతికశాస్త్రము చదివినది. "మనమే చూద్దాం" అని, కొన్ని వందల రూపాయలకు దొరకు మల్టీమీటరును కొవ్వూరులో కొనివచ్చినది. వోల్టులను, ఆంపియర్లను కొలుచునది. పాల లెక్క పుస్తకపు వెనుకపేజీలో గీతలు గీసి లెక్కలు వ్రాయ మొదలిడితిమి.

మొదటి పరీక్ష కుళాయిది. కారు నడచునపుడు అల్టర్నేటరు అను చిన్న విద్యుద్యంత్రము బ్యాటరీని నింపుచుండును. మంగళవారము సాయంకాలము ఇల్లు చేరినపుడు ఇంజనాపక మునుపే బానెట్టు తెఱచి, మీటరు ఎఱ్ఱ మొనను బ్యాటరీ కూడిక గుర్తున్న కొమ్మునను, నల్ల మొనను తీసివేత గుర్తున్న కొమ్మునను ఆనించితిమి. 14.2 వోల్టులు చూపెను. 13.8 మొదలు 14.5 వఱకు నున్న సరియైనదే. పెద్ద దీపములు వేసిచూచినను 14కు దిగలేదు. కుళాయి సరిగానే పాఱుచున్నది.

ఇంజనాపిన వెంటనే చూచిన లెక్క నమ్మదగినది కాదు. అప్పుడే నింపిన బ్యాటరీ పైపైని హెచ్చుగా చూపును. రెండు గంటలైన విడిచిపెట్టవలెను. రాత్రి తొమ్మిదింటికి చూడగా 12.48. మఱునాడు, అనగా బుధవారము, ఉదయము తొమ్మిదింటికి 12.36. కారును తాకినవారు లేరు. తాళము లోనింట మేకుకు వ్రేలాడుచున్నది. అయినను పండ్రెండు గంటలలో తఱుగు గలిగినది.

సాయంకాలము వఱకు కారును కదపక యుంచవలసియున్నది. కావున ఆ పగలు అనుమతి తీసికొని ఆటోలో ప్రాజెక్టును చూడబోయితిమి. రామయ్యపేట వద్ద కొండల నడుమ నది నడ్డగించి కట్టుచున్న దీ జలాశయము. దీని యూహ క్రొత్తది కాదు. 1941లోనే ఎల్. వెంకటకృష్ణ అయ్యరు గారను ఇంజనీరు దీనిని ప్రతిపాదించిరి, రామపాదసాగరమని పేరు. తర్వాత నెన్నియో ప్రభుత్వములు మాఱెను. 2004 తర్వాత పనులు సాగెను, 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడెను. నలువదియెనిమిది పెద్ద తలుపులు గల స్పిల్‌వే గుండా 2021 జూను మాసమున తొలిసారి నదిని మళ్లించిరి. ఒక్కొక్క తలుపు నెదుట నిలిచినపుడు మనుష్యుని పొడవు లెక్కకు రాదు. ముంపు గ్రామములనుండి వచ్చినవారి కాలనీలు దారి ప్రక్కలనే గలవు. ఇండ్లు సిమెంటువి, ముంగిట మాత్రము కొండయూళ్లలోవలె వెదురు దడులు. ఒకామె, "ఇల్లు బాగుందమ్మా, ఏరే లేదు" అని చెప్పినది. ఆమె యూరు నుండి గోదావరి కనబడెడిదట. ఆ మాటకు మాయొద్ద బదులు లేదు.

అచ్చట మేము విన్న సంగతి యొకటి మా పనికే సంబంధించినట్లు తోచినది. ప్రధానమైన రాతిమట్టి కట్ట క్రింద, ఏటి యిసుకలో నీరు చొరబడి పోకుండ, డయాఫ్రం వాల్ అను కాంక్రీటు గోడను లోతుగా దింపియుండిరి. అది 2018లో పూర్తి యయ్యెను. 2019, 2020 సంవత్సరముల వరదలలో నీరు ఇఱుకు సందులనుండి వేగముగా దూకి ఇసుకను త్రవ్వుకొనిపోగా, ఆ గోడ కొన్నిచోట్ల దెబ్బతినెను. భూమిలోపలి గోడ కంటికి కనబడదు. ఎచ్చట చెడినది, ఎంత చెడినది, బాగుచేయవచ్చునా యని తేల్చుటకే నిపుణులకు సంవత్సరములు పట్టెను. దేశములోనివారును, విదేశములనుండి వచ్చినవారును పరీక్షించిన మీదట, అతుకు వేయుట కంటె క్రొత్తగోడ కట్టుటయే మేలని తేల్చిరి; 2025 జనవరిలో ఆ పని మొదలిడిరి. చిల్లి యున్నదని తెలియుట వేఱు, ఎచ్చటనో తెలియుట వేఱు. ఇంతటి నదికి సంవత్సరములు పట్టిన పనికి మాకు రెండు దినముల గడువు మాత్రమే యున్నది.

ఇంటికి వచ్చి రాత్రి తొమ్మిదింటికి చూడగా 12.24. పగలును రాత్రియు నొక్కటే వాలు. ఇప్పుడు రెండవ పరీక్ష. తొట్టిలోనే దోషమున్నదా? రేకులలో నేదైన లోపలనే తగులుకొనియున్నచో బ్యాటరీ ఎవ్వరును వాడకయే తనంతట తాను వట్టిపోవును. అది తెలిసికొనుటకు బ్యాటరీని కారునుండి వేఱుచేసి రాత్రి యుంచిన చాలును. తీసివేత గుర్తుగల నల్ల తీగెనే ముందు విప్పవలెను. ఎఱ్ఱదానిని ముందు విప్పబోయి, చేతిలోని పానా కారు ఇనుమునకు తగిలినచో మంటలు రేగును. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడుచుండునుగాన నిప్పురవ్వ ప్రమాదకరము. చేతి గాజులు, ఉంగరములు కూడ తీసివేయుట మంచిది. బంగారము విద్యుత్తునకు ఇనుముకంటెను మంచి దారి.

గురువార ముదయము ఏడింటికి 12.25. రవ్వంత కోలుకొన్నదేగాని తగ్గలేదు. తోడికోడలు ముఖము వికసించినది. బ్యాటరీ నిలుపుకొనుచున్నది, కుళాయి పాఱుచున్నది, ఇక మిగిలినది చిల్లియే. మూడవ బ్యాటరీ కొనవలసిన పని లేదు.

చిల్లిని పట్టుటకు వోల్టులు చాలవు, ఆంపియర్లు చూడవలెను. మీటరులో ఎఱ్ఱ తీగెను 10 ఆంపియర్ల రంధ్రములోనికి మార్చి, విప్పిన నల్లతీగెకును బ్యాటరీ కొమ్మునకును నడుమ మీటరును వంతెనగా అమర్చితిమి. కారు త్రాగు విద్యుత్తంతయు ఇప్పుడు మీటరు గుండానే పోవలెను. ఈ స్థితిలో తాళము త్రిప్పరాదు. సెల్ఫు ఒక్కసారిగా వందలకొలది ఆంపియర్లు లాగును, మీటరు కాలిపోవును. ఫ్యూజుల పెట్టె నడుపువాని తలుపు దగ్గఱ నున్నందున ఆ తలుపు తెఱచియుంచి, దాని గొళ్లెమును స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి నెట్టితిమి. తలుపు మూసియున్నదని కారు భ్రమపడును. మిగిలిన తలుపులును డిక్కీయు మూసితిమి. తాళమును దూరముగా వంటయింట నుంచితిమి.

మొదట 2 ఆంపియర్లకు పైగా చూపెను. దానిని చూచి బెదరరాదు. నేటి కార్లలో చిన్న చిన్న కంప్యూటరు పెట్టెలు గలవు. తీగె తగిలించినపుడెల్ల అవి మేలుకొనును. అఱగంట నుండి ముప్పావుగంట వఱకు పట్టును మరల నిద్రించుటకు. మేమీలోపల దోసెలు వేసికొని తింటిమి. వచ్చి చూచునప్పటికి 0.46 ఆంపియరు వద్ద నిలిచియున్నది. గడియారము, తాళపు యంత్రము మొదలగువానికి 0.02 నుండి 0.05 వఱకు చాలును. ఇది దానికి పదిరెట్లు.

ఆ అంకెను పాల లెక్క పుస్తకములో వ్రాసి గుణించితిమి. గంటకు 0.46 చొప్పున దినమునకు సుమారు 11. మంగళవారము రాత్రినుండి శుక్రవారము తెల్లవాఱువఱకు రెండున్నర దినములు. ఇరువదియేడు, ఇరువదియెనిమిది ఆంపియరు గంటలు. ఆ కారు బ్యాటరీ మొత్తము 35 ఆంపియరు గంటలది. అదియు నిండుగా లేదు. శుక్రవారము ఇంజను లేవకపోవుటలో వింతయేమి? ఎండలను నిందించుటలో నిజము లేకపోలేదు. మన గోదావరి తీరపు వేసవి బ్యాటరీకి మంచిది కాదు. వేడికి లోపలి రేకులు త్వరగా అరుగును, నీరు ఆవిరియగును. అయితే ఎండ యేడాది పొడవునను శుక్రవారమునాడే కాయదు గదా!

తర్వాత తోడికోడలు ఒక్కొక్క ఫ్యూజునే పీకుచుండ, మేము మీటరు చూచి అంకె చదువుచుంటిమి. "మారిందా అక్కా?" "లేదమ్మా." రేడియో ఫ్యూజు తీసిన మాఱలేదు. సిగరెట్టు వెలిగించుకొను రంధ్రపుది తీసిన మాఱలేదు. పదునొకండవదో పండ్రెండవదో తీయగనే అంకె 0.04కు పడిపోయినది. మరల పెట్టించితిమి, 0.46. తీయించితిమి, 0.04. కాగితము చూడగా అది లోపలి దీపముల ఫ్యూజు.

కాని లోపలి దీపము వెలుగుట లేదు. అద్దములోనుండి చూడగా కనబడుచునే యున్నది. అపుడు మా అమ్మాయి, "డిక్కీలో దీపం లేదా పిన్నీ?" అని యడిగినది. ఉన్నది. డిక్కీ తెఱచినపుడు వెలుగును, మూసినపుడు ఆరును. మూసిన తర్వాత ఆరినదా లేదా యని చూచుటకు లోపల నెవరు కూర్చుందురు? అమ్మాయి తన ఫోనును వీడియో తీయునట్లు పెట్టి, డిక్కీలో నిలువబెట్టి మూత వేసినది. రెండు నిముషముల తర్వాత తీసి చూచితిమి. మూసిన చీకటిలో దీపము చక్కగా వెలుగుచున్నది. దాని గాజును తాకగా వేడిగా నున్నది. అయిదు వాట్ల బల్బు. పండ్రెండు వోల్టులతో భాగించిన 0.42 ఆంపియరు. మీటరు చెప్పిన లెక్కయు నదియే.

ఎందుచేత ఆరుట లేదు? మూత అంచున నొక చిన్న బుడిపె గలదు. మూత దానిని నొక్కినచో దీప మారును. ఆ బుడిపెను పట్టియుంచు రేకు లోనికి వంగియున్నది. దానికి సరిగా ఎదుటనే పెద్దత్తగారి చక్రాల కుర్చీ. కుర్చీని డిక్కీలో పెట్టి తీయునపుడెల్ల దాని పాదపు కడ్డీ ఆ రేకును తాకుచుండెను. డయాలిసిస్ మొదలయినది నిరుడు దసరాకు. కుర్చీ కొన్న దపుడే. మొదటి బ్యాటరీ చచ్చినది సంక్రాంతికి. ఈ మూడును పాల లెక్క పుస్తకములో నొకదాని క్రింద నొకటి వ్రాసిచూచినపుడు కారణము కండ్లకు కట్టినట్లున్నది. ఏ యంత్రమైనను చెడినపుడు, అది యెన్నటినుండి చెడినది, అప్పుడింటిలో క్రొత్తగా వచ్చినదేమి యని యడుగుట మంచిదని మాకు తోచినది. ఈ ప్రశ్న కొట్టువారడుగరు. వారికి మన యిల్లు తెలియదు.

ఈ సంగతి పెద్దత్తగారికి చెప్పవలెనా వలదా యని తోడికోడలు కొంచెము తటపటాయించినది. తనవలననే యిన్ని కష్టములు వచ్చినవని ఆమె నొచ్చుకొందురేమో యని శంక. కాని ఆమె అన్నియు వినుచునే యుండిరి. "నా కుర్చీ పని చేసిందన్న మాట. దానికీ నాలాగే కాళ్లు పట్టు తప్పాయి" అని నవ్విరి. మేము నవ్వితిమి.

బల్బు నపుడే పీకివేసితిమి. చూడగా అంకె 0.04. ఊరి మెకానిక్కు మధ్యాహ్నము వచ్చి, రేకును సరిచేసి, బుడిపెకు ఇనుప కప్పు నొకటి బిగించి వెళ్లినాడు. బ్యాటరీని బజారులోని చార్జింగు కొట్టులో రాత్రివఱకు నెమ్మదిగా చార్జింగు చేయించితిమి. సగము వట్టిన బ్యాటరీని కారు నడిపియే నింపుదమనుకొనుట మంచిది కాదు. గంట ప్రయాణములో అది పూర్తిగా నిండదు. వట్టిగా నున్నంతకాలము రేకులపై తెల్లని సీసపు గంధకితము గట్టిపడి తొట్టిలో మట్టివలె పేరుకొనును. ఆ కొట్టువాడు హైడ్రోమీటరుతో ఆమ్లమును పీల్చి చూపెను. నిండుగా నున్నపుడు ఆమ్లపు సాంద్రత నీటికంటె 1.27 రెట్ల వఱకుండును, వట్టిపోయినపుడు 1.12కు దిగును. ఆఱు గదులును ఇంచుమించు సమానముగానే 1.25 చూపినవి. ఒక్క గది మాత్రమే తక్కువ చూపియున్నచో ఆ గది చెడినట్లు. "మాటిమాటికీ పూర్తిగా ఖాళీ అయింది కాబట్టి ఆయుస్సు కొంత తగ్గిందండి, అయినా ఇంకా పనిచేస్తుంది" అని అతడు చెప్పెను. మూతలు తీయు బ్యాటరీలలో నీరు తగ్గినచో డిస్టిల్డు నీరే పోయవలెననియు, కుళాయి నీరు గాని, ఆమ్లము గాని పోయరాదనియు కూడ చెప్పెను. ఈ తెలివిగల కుఱ్ఱవాడు క్రొత్త బ్యాటరీ కొనుమని యొక్కమాటైన ననలేదు.

శుక్రవారము తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచితిమి. గోదావరి మీదినుండి చల్లగాలి వీచుచున్నది. మీటరు 12.62 చూపినది. పెద్దత్తగారిని ముందుసీటులో కూర్చుండబెట్టి, చక్రాల కుర్చీని పాదపు కడ్డీలు వెనుకసీటు వైపునకు వచ్చునట్లు త్రిప్పి డిక్కీలో పెట్టినది మా అమ్మాయి. తోడికోడలు తాళము త్రిప్పగనే ఇంజను లేచినది. ఎవరమును ఏమియు ననలేదు. పెద్దత్తగారు మాత్రము, "పాల పుస్తకం తెచ్చావా అమ్మాయీ?" అని యడిగిరి. తెచ్చినది. ఆసుపత్రి వద్ద నిలిపినపుడు, తిరిగి బయలుదేరునపుడు, ఆదివారము రాత్రి, సోమవారము ఉదయము అంకెలు వ్రాయుటకు గడులు గీసియున్నవి.

పట్టిసము వద్దకు వచ్చునప్పటికి తెల్లవాఱినది. ఏటి నడుమ కొండమీద గుడిదీపములు ఇంకను వెలుగుచున్నవి. ఏడుగంటలకు పది నిముషములు ముందుగానే ఆసుపత్రి చేరితిమి. మేము రైలెక్కినపుడు పెద్దత్తగారు లోపల మంచముమీద నుండిరి. తర్వాతి మంగళవారము మా తోడికోడలు వ్రాసిన లెక్క చేరినది: నాలుగు దినములు నిలిచిన పిమ్మట 12.51.